కళ్ళు పైకెత్తితే అవునని

ఆమెకు ఆ ఉద్యోగం చదువు చూసి రాలేదు, నడుం చూసి వచ్చింది. ఐదో తరగతితో బడి మానేసి, పదమూడో ఏట తట్ట నెత్తికెత్తుకుంది. కడుతున్న మేడల మీదికి ఇసుకా కంకరా మోసి మోసి, ఇరవై మూడేళ్ళు గడిచేసరికి మెడ నరాలు తాళ్ళలా తేలాయి. ఒక సోమవారం పొద్దున మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు.

"నీ వయసులో సగం ఉన్నవాళ్ళు నీకు రెట్టింపు మోస్తున్నారమ్మా. ఇంకెందుకు నీకీ అవస్థ?" అన్నాడు. జాలిపడ్డట్టే అన్నాడు. తట్ట మాత్రం లాక్కున్నాడు.

నెల తిరక్కుండానే పక్కింటావిడ ఒక కబురు తెచ్చింది. వికలాంగుల హోములో ఆయా కావాలట, బరువెత్తగలిగితే చాలట.

హోము అంటే ఒకప్పటి నూలు గోడౌను. మధ్యలో ప్లైవుడ్డు గోడ పెట్టి రెండు హాళ్ళు చేశారు. మగవాళ్ళు తొమ్మిదిమంది, ఆడవాళ్ళు ఐదుగురు. కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్ళు, మెడ నిలవనివాళ్ళు, మాట రానివాళ్ళు. సూపరింటెండెంటు ఆమె కాగితాలు చూడనైనా చూడలేదు, భుజాలు చూశాడు.

"ఎంత బరువెత్తగలవు?"

"సిమెంటు బస్తా సార్. రెండంతస్తులు ఆగకుండా ఎక్కిస్తాను."

"ఇక్కడి బస్తాలు అరుస్తాయి, గీరుతాయి, నీ మీదే పోస్తాయి. ఫర్వాలేదా?"

"సిమెంటు మాత్రం ఊరుకుంటుందా సార్? చేతులు తినేస్తుంది."

ఆయన పడీ పడీ నవ్వాడు. "రేపు ఆరింటికి వచ్చెయ్" అన్నాడు.

మొదటిరోజు ఒకాయన్ని స్నానానికి తీసుకెళ్ళమంటే, నడుం దగ్గర ఒడిసిపట్టి ఒక్క ఊపున భుజాన వేసుకుంది. హాలంతా గొల్లుమంది. తలకిందులుగా వేలాడుతున్న ఆయన కూడా నవ్వాడు. సిస్టరు పరుగెత్తుకొచ్చి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. మనిషిని ఎత్తేటప్పుడు రెక్కలు పట్టుకుని లాగకూడదు. మన మోకాలు వాళ్ళ మోకాళ్ళ మధ్య పెట్టి, వాళ్ళ గడ్డం మన భుజానికి ఆనించి, ఊయలలా ఊపి లేపాలి. పడుకున్నవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. ఇవన్నీ ఆ సిస్టరే నేర్పింది.

సిస్టరు అంటే కోర్సు చదివి, సర్టిఫికెట్టు తెచ్చుకున్న మనిషి. తెల్ల కోటు, జేబుకు గుచ్చుకున్న గడియారం, కూర్చోవడానికి ఒక కుర్చీ. సూపరింటెండెంటు కూడా ఆవిణ్ణి "సిస్టర్" అనే పిలిచేవాడు. ఆయాలను మాత్రం "ఏయ్". ఒకసారి ఇద్దరూ ఒకే బస్సు ఎక్కారు. కోటు చూసి ఒక పెద్దాయన లేచి సిస్టరుకు సీటిచ్చాడు. అదే పెద్దాయన ఈమె వైపు తిరిగి "కాస్త అటు జరుగు, వాసనొస్తోంది" అన్నాడు. ఆ రోజే ఆమె మనసులో పడింది, ఎప్పటికైనా సిస్టరు కావాలని.

ఇంట్లో అత్త సంగతి వేరే చెప్పాలి. కోడలు పనిలో చేరిన మర్నాటినుంచే తన కంచం తానే పెట్టుకునేది.

"ఆ చేతులతో నా కంచం ముట్టుకోకే తల్లీ."

"మూడుసార్లు సబ్బుతో కడిగానత్తా."

"సబ్బు చేతులకి పెడతారు. ఉద్యోగానికి పెట్టరుగా?"

ఆమె మొగుడు టైర్ల షాపులో పంక్చర్లు వేసేవాడు. తల్లిని ఏమీ అనడు, పెళ్ళాన్నీ ఏమీ అనడు, మధ్యలో కూర్చుని తింటాడు. "రేపు మీ అమ్మకి కాలూ చెయ్యీ పడిపోతే ఎవరు చేస్తారో అడుగు" అని ఆమె అంటే, "నువ్వే. ఇంకెవరున్నారు?" అన్నాడు ముద్ద మింగుతూ.

హోములో ముప్పై ఏళ్ళ మనిషి ఒకడున్నాడు. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగిలింది. కాళ్ళూ చేతులూ కట్టెల్లా బిగుసుకుపోయి ఉండేవి. మాట లేదు. మెడ బిగుసుకుని గడ్డం ఎప్పుడూ పైకి లేచి ఉండేది. చక్రాల కుర్చీలో కూర్చుంటే అందరినీ చిన్నచూపు చూస్తున్నట్టే కనపడేవాడు. అందుకే అతనికి 'దొర' అని పేరు పడిపోయింది. ఎనిమిదేళ్ళ కిందట అన్నావదినలు తెచ్చి దించి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. అతనికేమీ తెలియదని అందరూ అనుకునేవాళ్ళు. అతని ముందే బట్టలు మార్చుకునేవాళ్ళు, అతని ముందే సూపరింటెండెంటును తిట్టుకునేవాళ్ళు.

ఆమెకు అతని సంగతి తెలిసింది స్నానాల బల్ల దగ్గర. మాట్లాడకుండా పనిచేయడం ఆమెకు చేతకాదు. ఆ రోజు నీళ్ళు పోస్తూ, ఎవరితో చెబుతున్నదీ చూసుకోకుండా "వేడిగా ఉన్నాయేమిటి?" అంది. దొర కళ్ళు గిర్రున పైకి వెళ్ళాయి. చెయ్యి పెట్టి చూస్తే నిజంగానే చురుక్కుమంది. చన్నీళ్ళు కలిపి "ఇప్పుడో?" అంది. కళ్ళు గట్టిగా మూశాడు. ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"నా మాట అర్థమవుతోందా నీకు?"

కళ్ళు పైకెత్తాడు.

"ఇన్నాళ్ళూ అర్థమయ్యేదా?"

పైకే.

"మా అత్త మంచిదేనంటావా?"

కళ్ళు టపీమని మూశాడు. అంతలో అతని ఒళ్ళంతా కుదుపులు మొదలయ్యాయి. ఫిట్స్ వచ్చిందని ఆమె హడలిపోయింది. ఫిట్స్ కాదు, నవ్వు. రోజూ ఆమె అత్త గురించి చెప్పుకున్న గోడంతా విన్నాడన్నమాట.

అప్పటినుంచి వాళ్ళిద్దరి మధ్యా ఆ మాటలు నడిచాయి. పైకెత్తితే అవును, మూస్తే కాదు. ఎక్కడ నొప్పో కనుక్కోవాలంటే తల దగ్గర మొదలుపెట్టి కాలి వేళ్ళదాకా ఒక్కొక్కటీ తాకుతూ అడిగేది. దుప్పటి కావాలా, కిటికీ మూయాలా, పక్క మంచమాయన గురక భరించలేకపోతున్నావా, అన్నీ అడిగేది. ఆమె నవ్వులాటకు అడిగిన వాటికి కూడా నిజమే చెప్పేవాడు. "నేను లావయ్యానా?" అంటే కళ్ళు పైకి. "చచ్చినోడా" అని ముద్దుగా తిట్టేది.

రెండో ఆయా ఒకసారి అడిగింది. "దొర ఏదో చెబుతాడంటున్నావు. నాకూ నేర్పవే, నాకూ పని తేలికవుతుంది."

"అది చెబితే వచ్చేది కాదే" అంది ఆమె.

చెబితే అరనిమిషంలో వచ్చేదే. కానీ చెప్పలేదు. ఆ హోములో ఆమె ఒక్కదానికే తెలిసినది అదొక్కటే మరి. తట్ట మోసే పని ఎవరైనా లాక్కోవచ్చు, ఇది లాక్కోలేరు. సిస్టరు అడిగినా నవ్వి ఊరుకుంది. సూపరింటెండెంటుకూ ఆ కిటుకు తెలియనివ్వలేదు.

ఆయనకు దాంతో వేరే ఉపయోగం దొరికింది. దుప్పట్లు, పళ్ళు పంచడానికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడల్లా "ఆయా, దొర చేత మాట్లాడించు" అనేవాడు. ఆమె దొర కుర్చీని హాలు మధ్యకు తోసేది. ఒకసారి పట్టుచీర కట్టుకున్న ఒకావిడ వంగి, "నేను అందంగా ఉన్నానా బాబూ?" అంది. దొర కళ్ళు గట్టిగా మూశాడు.

"చాలా అందంగా ఉన్నారంటున్నాడు మేడమ్" అంది ఆయా తడుముకోకుండా.

అందరూ చప్పట్లు కొట్టారు, పేపరుకని ఎవరో ఫొటో కూడా తీశారు. దొర కుర్చీ కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. ఆమె కూడా పెదవి కొరుక్కుని నవ్వింది.

సిస్టరు రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆ కుర్చీలోకి రావాలంటే వేరే ఊళ్ళో తొమ్మిదినెలల కోర్సు చదవాలి. హోముకు ఏడాదికి ఒక్క సీటు. చదవడం రాయడం వస్తే ఐదో తరగతి చాలు, కానీ రెండేళ్ళ పనిలో ఒక్క రిమార్కు కూడా లేదని సూపరింటెండెంటు ఉత్తరం రాసివ్వాలి. మొగుడి షాపులో గ్రీజు తుడవడానికి ఉంచిన పాత పేపర్లు పట్టుకుని ఆమె, కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. అత్త చూసి "కలెక్టరవుతావేమిటే?" అంది. "కాదత్తా, సిస్టర్నవుతా" అంది. "ఏదైనా కడిగేవి ఆ ముడ్లేగా" అంది అత్త.

భోజనాలు పన్నెండు నుంచి ఒంటిగంటలోపు అయిపోవాలి. తమంతట తాము తినలేనివాళ్ళు పదకొండుమంది, తినిపించేది ఇద్దరు ఆయాలు. ఆ రోజు రెండో ఆయా రాలేదు. పదకొండుమందీ ఈమె మీదే పడ్డారు. దొరకు మెత్తగా చేసిన అన్నం స్టీలు చెంచాతో పెడుతోంది. చెంచా పళ్ళకు తగిలింది. టక్కున దవడ బిగుసుకుంది. చెంచాతోపాటు ఆమె చూపుడువేలూ లోపల ఇరుక్కుంది. లాగింది, రాలేదు. అరిచింది, ఇంకా బిగిసింది. ఎడమచేత్తో చెంప మీద ఒక్కటి వేసింది. ఇంకొకటి వేసింది. దవడ వదిలింది. వేలినుంచి రక్తం కారుతోంది.

"కావాలనే కొరికావు కదూ?"

దొర కళ్ళు మూశాడు. కాదని.

"అబద్ధాలు కూడా నేర్చుకున్నావన్నమాట" అంది.

అన్నాళ్ళలో అతను చెప్పింది ఆమె నమ్మకపోవడం అదే మొదలు. ఎవరూ చూడలేదు. చెంప మీద వేళ్ళ గుర్తులు సాయంత్రానికి పోయాయి. మర్నాడు స్నానం చేయిస్తూ "కోపమా?" అని అడిగింది. కళ్ళు మూశాడు. ఆ సమాధానం మాత్రం వెంటనే నమ్మేసింది, పని తేలికైపోతుంది కాబట్టి.

వ్యాయామం చేయించడానికి ఒక మాస్టారు వచ్చేవాడు. సూపరింటెండెంటుకు బావమరిది. ఏ చదువూ లేదు, అంతకుముందు కండలు పెంచే చోట బరువులు సర్దేవాడు. బిగుసుకున్న కాళ్ళను మెల్లగా సాగదీయాలి. అతను తాడు లాగినట్టు లాగేవాడు. నొప్పికి ఎవరైనా అరిస్తే, తొడ లోపలివైపు చర్మం రెండువేళ్ళతో పట్టుకుని మెలితిప్పి "నోర్ముయ్" అనేవాడు. లోపలివైపైతే బట్టల కింద కనపడదు.

కానీ స్నానం చేయించేవాళ్ళకు కనపడకుండా పోదు. దొర తొడల మీద నల్లటి మచ్చలు చూసి ఆమె చెంబు కింద పెట్టేసింది.

"ఎవరు? మాస్టారేనా?"

కళ్ళు పైకి వెళ్ళాయి. చాలాసేపు కిందికి దించలేదు.

అదే ఊపులో ఆఫీసు గదికి వెళ్ళింది. సూపరింటెండెంటు ఫైలు చూసుకుంటున్నాడు.

"సార్, దొర తొడలు కమిలిపోయాయి సార్. మాస్టారు గిల్లుతున్నాడట."

"ఎవరు చెప్పారు?"

"దొరే సార్."

"కళ్ళతోనా?" నవ్వాడు. "వాళ్ళ చర్మమే అంతమ్మా, ముట్టుకుంటే కమిలిపోతుంది." ఫైలు మూసి, నెమ్మదిగా అన్నాడు. "నీ ఉత్తరం వచ్చే నెల పంపాలి. రాసిపెట్టాను కూడా. ఒక్క రిమార్కూ లేదని. ఉంచమంటావా, చింపమంటావా?"

ఆమె తిరిగి స్నానాల బల్ల దగ్గరికి నడిచింది. వచ్చి, మచ్చల మీద వెన్న రాసినంత మెత్తగా నూనె రాసింది. "కొన్నాళ్ళు ఓపిక పట్టు దొరా" అంది. దొర అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆమె అడగనూ లేదు.

పని మానేసి వెళ్ళిపోయిన వంటావిడ ఊరుకోలేదు. హోములో మనుషుల్ని కొడుతున్నారని పైఆఫీసుకు అర్జీ పెట్టింది. ఒక బుధవారం పదకొండు గంటలకు చెప్పాపెట్టకుండా ఆఫీసరమ్మ దిగింది. నలభై ఏళ్ళుంటాయి, చంకలో ఫైలు, చెమటకు తడిసిన జాకెట్టు. కాఫీ వద్దంది, కుర్చీ వద్దంది. మంచం మంచం దగ్గరా ఆగి దుప్పట్లు ఎత్తి చూసింది. దొర దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

"ఇవేమిటి?"

"కుర్చీ రాపిడి మేడమ్" అన్నాడు మాస్టారు.

"కుర్చీకి గోళ్ళుంటాయా?" అంది ఆవిడ. ఆఫీసరమ్మ దొర మొహంలోకి చూసింది. "ఇతను మాట్లాడతాడట కదా? పేపర్లో ఫొటో కూడా వేయించారుగా మీరు. ఎవరికి తెలుసు ఇతని మాట?"

అందరూ ఆయా వైపు చూశారు. చేతిలో తడిగుడ్డతో ముందుకొచ్చింది.

ఆఫీసరమ్మ వంగి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మర్యాదగా అడిగింది. "చూడండి బాబూ. ఇక్కడ మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా?"

దొర కళ్ళు పైకి వెళ్ళాయి. నల్లగుడ్లు కనపడనంత పైకి.

"ఏమంటున్నాడమ్మా?"

ఆయా తడిగుడ్డను మడత మీద మడత పెట్టింది. ఎవరి గురించి అంటున్నాడు? మాస్టారి గురించేనా? తన చెంపదెబ్బల గురించైతే? ఇప్పుడు అవునంటే తర్వాతి ప్రశ్న 'ఎవరు?' అనే. ఒక్కొక్కరినీ వేలు పెట్టి చూపించి అడుగుతుంది. వరుసలో మొదట నిలబడ్డది తనే. అబద్ధమాడడం దొరకు రాదని అందరికంటే ఆమెకే బాగా తెలుసు. రెండడుగుల అవతల సూపరింటెండెంటు చొక్కా జేబులో కవరు ఉంది. అందులో ఉన్నది తన ఉత్తరమేనని ఆమెకు అనిపించింది.

"లేదంటున్నాడు మేడమ్" అంది. "పైకి చూస్తే కాదని అర్థం."

దొర కళ్ళు కిందికి దిగాయి. ఆమెను చూశాయి.

"మరి అవునంటే?"

"కళ్ళు మూస్తాడు మేడమ్."

ఆఫీసరమ్మకు ఎందుకో తృప్తి కలగలేదు. ఇంకా దగ్గరికి వంగింది. "మళ్ళీ అడుగుతాను బాబూ. తొందరేం లేదు. మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా?"

ఆయా చూస్తుండగానే దొర మొహంలో ఏదో కదిలింది. పుట్టి బుద్ధెరిగాక అతనికి దొరికినవి ఆ రెండు మాటలే. ఆ రెంటినీ ఆమె ఇప్పుడు తారుమారు చేసేసింది. అతను ఏడవలేదు, అరవలేదు. విన్నాడు, అర్థం చేసుకున్నాడు. ఆమె చెప్పిన అబద్ధంతోనే నిజం చెప్పడానికి సిద్ధపడ్డాడు. కళ్ళు గట్టిగా, రెప్పలు ముడతలు పడేంత గట్టిగా మూశాడు.

"మూశాడు" అంది ఆఫీసరమ్మ. "అంటే అవుననేగా?"

"ఫిట్స్ మాత్ర వేసుకున్న టైము మేడమ్ ఇది" అన్నాడు సూపరింటెండెంటు. "ఈ టైముకి మత్తుగా తూగుతుంటాడు."

ఆవిడ ఆయన్ని చూడలేదు. "నువ్వు చెప్పమ్మా. నీకే తెలుసు. ఇది జవాబా? నిద్రా?"

దొర కళ్ళు అలాగే బిగించి ఉంచాడు. తెరిస్తే జవాబు పోతుంది. తెరవకపోతే నిద్ర అంటారు. ఏది చేసినా ఓడిపోయేది అతనే. గొంతులోంచి ఒక కూత వచ్చింది. మాస్టారు వెంటనే అతని తల నిమిరి, "నిద్రలో ఇలాగే మూలుగుతాడు మేడమ్, పాపం" అన్నాడు.

"నిద్రే మేడమ్" అంది ఆయా.

ఆఫీసరమ్మ కాసేపు ఆమెనే చూసింది. ఫైలు తెరిచి, పైకి చూస్తే కాదని, కళ్ళు మూస్తే మందు మత్తని రాసుకుంది. కింద సాక్షిగా ఆయా చేత సంతకం పెట్టించింది. ఆమె ఆర్నెల్లుగా మళ్ళీ దిద్దుకున్న అక్షరాలతో, వంకర లేకుండా, గుండ్రంగా పెట్టింది. "చేతిరాత బాగుందమ్మా" అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నం అన్నం తినిపిస్తూ దొర చెవి దగ్గర గొణిగింది. "నేను సిస్టర్నై రానీ. అప్పుడు నా మాటకి విలువుంటుంది. మొదట ఆ మాస్టారి పనే పడతా. నమ్ముతావా నన్ను?"

దొర తిన్నాడు. మింగాడు. కళ్ళు పైకీ వెళ్ళలేదు, మూయనూ లేదు. ఆమె భుజం మీదుగా గోడను చూస్తూ ఉండిపోయాడు.

కోర్సులో ముప్పైమంది ఆడవాళ్ళున్నారు. అందరిలోకీ పెద్దది ఈమే. మనిషిని ఎత్తడంలో మొదట వచ్చింది, రాయడంలో చివరనుంచి మూడోది. మూడో నెలలో ఒకరోజు పాఠం చెప్పే ఆవిడ ప్లాస్టిక్కు దవడ ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది.

"మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళలో కొందరికి పళ్ళకు ఏదైనా తగలగానే దవడ దానంతటదే బిగుసుకుంటుంది. వాళ్ళ చేతుల్లో ఉండదు. విడిపించుకోవడం వాళ్ళకీ రాదు. స్టీలు చెంచా వాడకూడదు. ఇరుక్కుంటే లాగకూడదు, అరవకూడదు. భయపడితే ఇంకా బిగుస్తుంది."

"మా వేలు ఊడొచ్చాక వదుల్తారా మేడమ్?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఆమె నోటుపుస్తకంలో 'కావాలని కాదు' అని రాసుకుంది. ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కలిపిన చెయ్యి కడిగేసుకుంది. సాయంత్రం ఆకలేసి రెండు పూటలదీ కలిపి తినేసింది. మనిషి ఒళ్ళు అంతే.

తొమ్మిదినెలలకు సర్టిఫికెట్టు తెచ్చుకుంది. తెల్లకోటు వేసుకుని వీధిలోకి రాగానే అత్త ఎదురొచ్చి సంచి అందుకుంది. "మా కోడలు సిస్టరండీ" అని పక్కింటావిడకు వినపడేలా అంది. ఆ రోజు కోడలు పెట్టిన కంచంలో తింది. చేతులు కడుక్కున్నావా అని కూడా అడగలేదు.

హోములో మాస్టారు లేడు. ఇంకా పెద్ద హోము వాళ్ళు ఎక్కువ జీతమిచ్చి పిలుచుకున్నారట. పాత సిస్టరు రిటైరైపోయింది. దొర కుర్చీలో లేడు, మంచంలో ఉన్నాడు. వెళ్ళిపోయే ముందు ఎప్పుడో మాస్టారు కాలు సాగదీస్తుంటే తుంటి దగ్గర టప్పుమందట. అప్పటినుంచి కూర్చోబెడితే తెల్లగా పాలిపోతున్నాడు. ఎడమకాలు రెండంగుళాలు పొట్టిదయింది. తొమ్మిదినెలల్లో అతన్ని ఎవరూ ఒక్కమాట అడగలేదు. ఎలా అడగాలో ఎవరికీ తెలియదు.

ఆమె పక్కన కూర్చుని, "నేనే దొరా. గుర్తుపట్టావా?" అంది. దొర చూశాడు. జవాబు లేదు.

ఆ వారంలోనే ఎముకల డాక్టరు వచ్చాడు. సూపరింటెండెంటు, కొత్త ఆయా, ఇప్పుడు సిస్టరైన ఆమె మంచం చుట్టూ నిలబడ్డారు. డాక్టరు ఎక్సురే వెలుతురుకు పట్టి చూశాడు.

"కీలు జారింది. ఇలాంటివాళ్ళకి కత్తి పెట్టడమంటే ప్రాణంతో చెలగాటం. నొప్పి లేకపోతే జోలికి పోను. నొప్పి ఉంటే మాత్రం చెయ్యాల్సిందే, లేకపోతే బతికినంతకాలం నరకం." తలెత్తాడు. "నొప్పి ఉందా లేదా, అది తేల్చాలి. ఇతను జవాబులు చెబుతాడటగా?"

సూపరింటెండెంటు ఫైలు అందించాడు. డాక్టరు పేజీలు తిప్పి, ఆఫీసరమ్మ రాసింది పైకి చదివాడు. "పైకి చూస్తే కాదని అర్థం. కళ్ళు మూస్తే మందు మత్తు, లెక్కలోకి తీసుకోరాదు." ఫైలు పక్కన పెట్టి, దొర తుంటి మీద చెయ్యి వేశాడు. "ఇక్కడ నొప్పిగా ఉందా?"

తొమ్మిదినెలలుగా కదలని కళ్ళు కదిలాయి. పైకి వెళ్ళాయి. తెల్లగుడ్లు మిగిలాయి. అలాగే ఉన్నాయి. కనుకొలకుల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా అలాగే ఉన్నాయి.

"పైకి చూశాడు. అంటే లేదన్నమాట" అన్నాడు డాక్టరు. కలం తీశాడు, కానీ ఆగాడు. నీళ్ళు చూసినట్టున్నాడు. "సిస్టర్, ఇందులో కాదు అనేదొక్కటే ఉంది. అవును అనాలంటే ఏం చేస్తాడు?"

ఒక్క మాట చాలు. పైకి చూడడమే అవును డాక్టరుగారూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. కానీ ఆ కాగితం కింద గుండ్రటి సంతకం ఉంది. సూపరింటెండెంటు ఆమెను చూడడం లేదు, ఆమె కోటు జేబుకున్న గడియారాన్ని చూస్తున్నాడు. దొర కళ్ళు దించి ఆమె వైపు తిరిగాడు. మళ్ళీ పైకెత్తాడు. ఆమె కోసం ఇంకోసారి, నెమ్మదిగా, ఆమె పొరపాటు పడకుండా.

"అవునని ఎప్పుడూ చెప్పలేదు డాక్టరుగారూ" అంది.

"సరే అయితే" అని డాక్టరు రాసి, పక్క మంచానికి నడిచాడు.

పన్నెండయింది. కొత్త ఆయా జావ గిన్నె పట్టుకుని దొర దగ్గర నిలబడి, బెరుగ్గా అడిగింది. "సిస్టర్, ఇతనికి మన మాటలేమైనా తెలుస్తాయా?"

"తెలియవు" అంది సిస్టరు. "రబ్బరు చెంచాతో పెట్టు. పళ్ళకి తగలనివ్వకు. కదిలేటప్పుడు అరుస్తాడు, అదేం పట్టించుకోకు."